వైజాగ్‌లో ఉంటూ విపత్తు నిర్వహణలో మొదటి ఉద్యోగానికి ఎలా తయారవ్వాలి

హుద్‌హుద్ తుపాను వెళ్లిపోయిన మూడో రోజు గాజువాక వైపు ఒక వీధి మొదట్లో నిలబడి మంచినీళ్ల ప్యాకెట్లు పంచుతున్నాను. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. లారీ పంపినవాళ్లు చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో వీధుల పేర్లు ఉన్నాయి గానీ డోర్ నంబర్లు లేవు, ఏ వీధిలో ఎన్ని ఇళ్లో లేదు, పొద్దున ఎవరికి ఇచ్చామో రాసుకునే చోటు కూడా లేదు. ఒకే వీధికి ఉదయం ఒకసారి ఇచ్చాం, సాయంత్రం ఇంకో లారీ వస్తే మళ్లీ అదే వీధికి ఇచ్చాం. దాని వెనకే కొండవాలు మీద ఓ సందు ఉంది, దాదాపు నలభై ఇళ్లు, అక్కడికి రెండు రోజులు ఎవరూ ఎక్కలేదు. మూడో రోజు ఒక పెద్దావిడ బిందె పట్టుకుని కిందకి దిగి వచ్చి, "బాబూ, మా సందు మీ కాయితంలో లేదా?" అని అడిగింది. లేదు. నిజంగానే లేదు.

ఈ పనిలోకి నేను వచ్చింది ఆ ప్రశ్న వల్లే. ఇప్పుడు ఎవరైనా "అన్నా, డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో జాబ్ కావాలి, ఏ కోర్సు చేయమంటావ్?" అని అడిగితే కోర్సు సంగతి నేను చివర్లో చెబుతాను. ఎందుకంటే ఈ రంగంలో కొత్తగా చేరినవాడికి మొదట అప్పగించే పని తాడు పట్టుకుని వేలాడటం కాదు. లిస్టు రాయడం, ఫోన్ ఎత్తడం, విన్నది విన్నట్టు టైముతో సహా నమోదు చేయడం, పైకి రిపోర్టు పంపడం. ఇవి సరిగ్గా వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఇవి వచ్చాక కోర్సు చేస్తే ఆ కోర్సుకి విలువ ఉంటుంది, రాకుండా చేస్తే అది ఫైల్లో ఉండే కాగితమే.

ముందు ఒక అపోహ తీసేద్దాం

జాతీయ విపత్తు స్పందన దళంలో, అంటే ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో చేరాలని చాలామందికి ఉంటుంది. ఆ నారింజ రంగు డ్రెస్సు, పడవలు, టీవీలో చూస్తాం కదా. కానీ ఎన్‌డీఆర్‌ఎఫ్‌కి బయటి నుంచి నేరుగా జవాన్ల రిక్రూట్‌మెంట్ ఉండదు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో చేరినవాళ్లు అక్కడి నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు. మన రాష్ట్రానికి దగ్గరున్నది 10వ బెటాలియన్, గన్నవరం పక్కన కొండపావులూరులో. అందులో ఉండాలనేది మీ కల అయితే ముందు కేంద్ర బలగాల పరీక్షకి చదవండి. అది వేరే దారి, మంచి దారే, కానీ "ఎన్‌డీఆర్‌ఎఫ్ డైరెక్ట్ జాబ్ ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవాడు ఎవడైనా మోసగాడే. ఒక్క రూపాయి ఇవ్వకండి.

మిగతా దారులు చాలా ఉన్నాయి. వాటి కోసమే ఇది.

మొదటి పని: మీ ఊరికి ఏం జరగగలదో తెలుసుకోండి

ఒక నోటుబుక్కు కొనండి, రెండు వందల పేజీలది. ఫోన్లో కాదు, పుస్తకమే. కరెంటు లేని రోజు పుస్తకం పనిచేస్తుంది.

దాని మొదటి పేజీల్లో వైజాగ్ గురించి రాయండి. తుపాను ఉంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ ఈ నగరం మీదే తీరం దాటింది, గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటింది. రసాయనాలు ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, జనం నిద్రలోంచి లేచి ఎటు పరిగెత్తాలో తెలియక పరిగెత్తారు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాస్ అంటుకుని పదుల మంది పోయారు. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో ఒకే రాత్రి పదుల బోట్లు కాలిపోయాయి. జనం గుమిగూడే చోట్లు ఉన్నాయి, 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం నాడు గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. కొండవాలు ఇళ్ల మీద వానకి మట్టిపెళ్లలు జారడం, ఎండాకాలం ఉక్కపోతతో కలిసిన వడగాలి, ఇవన్నీ కూడా రాయండి.

ఒక్కోదాని కింద మూడు ప్రశ్నలు: ముందే హెచ్చరిక ఎవరు ఇస్తారు, ఎంత సమయం దొరుకుతుంది, ఆ సమయంలో ఎవరిని ఎక్కడికి తరలించాలి. తుపానుకి రోజులు దొరుకుతాయి. గ్యాస్‌కి నిమిషాలు కూడా దొరకవు. ఈ తేడా అర్థమైతే మిగతా సబ్జెక్టంతా దాని మీదే నిలబడి ఉందని మీకే తెలుస్తుంది.

తుపాను భాష కచ్చితంగా నేర్చుకోండి, ఎందుకంటే ఇక్కడ ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఇది అడుగుతారు. గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. 72 గంటల ముందు ముందస్తు సమాచారం, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక ఎలా ఉంటుందన్న అంచనా. పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు వేరే, 1 నుంచి 11 వరకు. పేపర్లో "మూడో నంబరు హెచ్చరిక" అని చదివి చాలామంది భయపడతారు. 3 అంటే పోర్టుకి స్థానిక జాగ్రత్త సూచన, 8 నుంచి 10 వరకు మహా ప్రమాదం, 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మత్స్యకారులుండే జాలారిపేటలో ఏ పెద్దాయన్ని అడిగినా వీటి గురించి మీకన్నా బాగా చెబుతాడు, వెళ్లి కూర్చుని వినండి, పుస్తకంలో లేనివి కూడా తెలుస్తాయి.

ఫోన్లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) వారి సచేత్ యాప్, పిడుగులకి దామిని, వాతావరణ శాఖ మౌసమ్ వేసుకోండి. మన నగరంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది, దాని బులెటిన్లు రోజూ చదవండి, సీజన్ లేనప్పుడు కూడా.

రెండో పని: చేతులకి పని నేర్పండి

ప్రథమ చికిత్స. దీన్ని వాయిదా వేయకండి. జిల్లా రెడ్‌క్రాస్ శాఖని గానీ సెయింట్ జాన్ అంబులెన్స్‌ని గానీ అడిగి వాళ్ల తర్వాతి శిక్షణ ఎప్పుడో కనుక్కోండి. వీడియో చూసి సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం) వచ్చేసిందనుకోవడం తప్పు, బొమ్మ మీద మీ చేతులతో నొక్కి, నొక్కి, భుజాలు నొప్పి పుట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. రెండు నిమిషాలు ఆపకుండా చేసి చూడండి, ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది, ఇంకో మనిషి పక్కన ఎందుకు ఉండాలో కూడా.

మంటలు ఆర్పే సిలిండరు ఒక్కసారైనా చేత్తో వాడి ఉండాలి. పిన్ను లాగాలి, నాజిల్ మంట మొదలుకి గురిపెట్టాలి, నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. పైకి లేచే మంట మీద కొడితే సిలిండరు అయిపోతుంది గానీ మంట ఆగదు. అగ్నిమాపక కేంద్రాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాయి, ఆ వారంలో మీ దగ్గరి ఫైర్ స్టేషన్‌కి వెళ్లండి. దాచుకోకుండా చూపిస్తారు, ప్రశ్నలు అడిగేవాళ్లంటే వాళ్లకి ఇష్టం.

ఈత రాకపోతే నేర్చుకోండి, పూల్‌లో. బీచ్ రోడ్‌లో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. ఆర్కే బీచ్‌లో మాత్రం నేర్చుకోవద్దు, అక్కడి సముద్రం లోపలికి లాగేస్తుంది, ఈత బాగా వచ్చినవాళ్లే పోయారు.

గ్యాస్ విషయం కొంచెం ఎక్కువ చెబుతాను, మన ఊరికి ఇది ప్రాణాల మీది సంగతి. స్టైరీన్ ఆవిరి, క్లోరిన్, ఎల్‌పీజీ ఇవన్నీ గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతాయి, పల్లంలో, కాలవల్లో, సెల్లార్లలో నిలిచిపోతాయి. కాబట్టి పల్లానికి దిగకూడదు. గాలి ఎటు వీస్తుందో చూసి దానికి అడ్డంగా, పక్కకి వెళ్లాలి. గాలి వెంట పరిగెత్తితే గ్యాస్ కూడా మీతోనే వస్తుంది. వైజాగ్‌లో పగలు మామూలుగా సముద్రం నుంచి గాలి లోపలికి వీస్తుంది, రాత్రి నేల నుంచి సముద్రం వైపు. పైగా చుట్టూ కొండలు ఉండి మధ్యలో నగరం గిన్నెలా ఉంటుంది, పొద్దున్నే గాలి కదలదు. అంటే మధ్యాహ్నం మూడింటికి లీకైతే వెళ్లే దారి, తెల్లవారుజామున మూడింటికి లీకైతే వెళ్లే దారి ఒకటి కాకపోవచ్చు. మీ ఇంటి దగ్గర ఫ్యాక్టరీ ఉంటే ఈ రెండు దారులూ మీ నోటుబుక్కులో గీయండి. ఇంకొకటి, ట్యాంకులో గానీ మ్యాన్‌హోల్‌లో గానీ ఒకడు పడిపోతే వాడిని తీయడానికి ఇంకొకడు దూకకూడదు. మన దగ్గర ఇలా వరసగా ముగ్గురు నలుగురు పోయిన వార్తలు ఎన్ని చదివామో. శ్వాస పరికరం, తాడు, పైన కనిపెట్టుకుని ఉండే మనిషి లేకుండా లోపలికి దిగడం ధైర్యం కాదు, ఇంకో శవం.

మూడో పని: కాగితం పని, అసలైన ఉద్యోగం ఇదే

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది చనిపోయారు. హుద్‌హుద్ నగరం మీదకే వచ్చినా మన రాష్ట్రంలో చావులు పదుల్లోనే ఆగాయి. మధ్యలో ఏం మారింది? ముందే తెలియడం, ముందే తరలించడం. తరలించడం అంటే మైకులో చెప్పి వెళ్లిపోవడం కాదు, ఏ ఊళ్లో ఏ ఇంట్లో మంచం మీద ఉన్న ముసలాయన ఉన్నాడో, ఏ అమ్మాయికి నెలలు నిండాయో తెలిసిన ఒక లిస్టు ఉండటం. ఆ లిస్టు రాసేది ఎవరు? అక్కడే మీ ఉద్యోగం ఉంది.

నాలుగు రకాల రాత నేర్చుకోండి.

లాగ్. ఒక గీత, ఎడమవైపు టైము 24 గంటల పద్ధతిలో, కుడివైపు ఏం జరిగింది, ఎవరు చెప్పారు, మీరు ఏం చేశారు. "06:40, ఫలానా వార్డు సచివాలయం నుంచి ఫోన్, చెట్టు రోడ్డుకి అడ్డంగా పడింది, విద్యుత్ తీగ దాని కింద ఉంది, 06:43 విద్యుత్ శాఖకి చెప్పాం." ఇంతే. "పరిస్థితి దారుణంగా ఉంది" అని రాయకూడదు, దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. వారం రోజులు మీ సొంత రోజుకి ఇలా లాగ్ రాయండి, చేతికి అలవాటవుతుంది.

మనుషుల లిస్టు. ఇంటి నంబరు, పేరు, ఎంతమంది, అందులో పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు, నడవలేనివాళ్లు, ఒక ఫోన్ నంబరు. మీ వీధికి ఇప్పుడే ఇది రాసి చూడండి, అందరి అనుమతితో, ఎవరి వివరాలూ వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా. నలభై ఇళ్లు రాయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. జనం ఎలాంటి ప్రశ్నలకి తలుపు వేసేస్తారో, ఎలా అడిగితే కూర్చోబెట్టి టీ ఇస్తారో మీకు ఏ కోర్సూ నేర్పదు.

రిపోర్టు. అరపేజీ. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పటి సమాచారం, ఎంతమందికి, ఇప్పుడు ఏం కావాలి, ఎవరు చూసి చెప్పారు. నిర్ధారణ అయినది వేరుగా, విన్నది వేరుగా రాయాలి. ఈ రెండూ కలిపేస్తే కలెక్టరేట్‌లో కూర్చున్నవాళ్లు తప్పు చోటికి బోటు పంపుతారు. ప్రాక్టీసు కోసం పేపర్లో వచ్చిన ఏదైనా ప్రమాదం వార్త తీసుకుని అరపేజీ రిపోర్టుగా మార్చండి, నెలలో ఇరవై రాస్తే మీ చెయ్యి మారిపోతుంది.

స్టాకు రిజిస్టరు. ఎంత వచ్చింది, ఎంత వెళ్లింది, ఎవరు సంతకం పెట్టారు. నేను ఆ రోజు గాజువాకలో ఇది ఒక్కటి రాసి ఉన్నా ఆ సందు మిగిలిపోయేది కాదు.

నాలుగో పని: ఎవరు ఎవరి కింద పనిచేస్తారో, లెక్కలు ఎలా వేస్తారో

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. జిల్లాలో అధికార సంస్థకి కలెక్టరే అధ్యక్షుడు. 2025 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకి వేరే పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టే వీలు వచ్చింది, కాబట్టి జీవీఎంసీ వైపు కూడా ఓ కన్నేసి ఉంచండి. పెద్ద ఘటన జరిగినప్పుడు పనులు ఎలా పంచుకోవాలో చెప్పే పద్ధతి పేరు ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్. ఎన్‌డీఎంఏ 2010లో దీని మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ పుస్తకం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. ఒక కమాండరు, ఆయన కింద మూడు విభాగాలు: ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్. అమెరికా పద్ధతిలో ఫైనాన్స్ వేరే విభాగం, మన దాంట్లో అది లాజిస్టిక్స్ కింద ఉంటుంది. చిన్న విషయమే గానీ ఇది చెప్పగలిగితే మీరు నిజంగా చదివారని తెలుస్తుంది. కొత్తవాళ్లని ఎక్కువగా పెట్టేది ప్లానింగ్, లాజిస్టిక్స్‌లోనే, అందుకే పైన కాగితం పని గురించి అంత చెప్పాను.

లెక్కలకి స్ఫియర్ ప్రమాణాలు చూడండి, ప్రపంచమంతా సహాయ సంస్థలు వాడేవి. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, నెత్తిన కప్పు ఉన్న చోటు 3.5 చదరపు మీటర్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. ఇప్పుడు మీ దగ్గరి హైస్కూలుకి వెళ్లండి, తుపాను వస్తే అదే పునరావాస కేంద్రం కదా. ఒక తరగతి గది కొలవండి. ఆరు మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు అనుకుందాం, 48 చదరపు మీటర్లు, అంటే ప్రమాణం ప్రకారం 13 మంది. పది గదులు ఉంటే 130 మంది. అక్కడికి నిజంగా నాలుగు వందల మంది వస్తే? 6,000 లీటర్ల నీళ్లు, 20 మరుగుదొడ్లు. ఉన్నవి నాలుగు. ఒక్క రాత్రికి సర్దుకుంటారు, నాలుగు రాత్రులకి ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, చీకట్లో బయటకి వెళ్లాల్సి వస్తుందని. ఈ లెక్క ఒక పేజీలో రాసి పెట్టుకోండి. నాకు తెలిసి ఉద్యోగానికి వచ్చిన పదిమందిలో ఒకరు కూడా ఇలాంటి పేజీ తీసుకురారు.

ఐదో పని: వాలంటీరుగా నమోదు అవ్వండి

ప్రమాదం జరిగిన చోటికి మీ అంతట మీరు బైకు వేసుకుని వెళ్లిపోకండి. మీరు కూడా కాపాడాల్సిన మనిషి అయిపోతారు, అంబులెన్సుకి అడ్డం కూడా అవుతారు. ముందే ఒక చోట పేరు ఉండాలి.

ఆపద మిత్ర అనేది ఎన్‌డీఎంఏ పథకం, 12 రోజుల శిక్షణ, ప్రథమ చికిత్స నుంచి వరద రక్షణ దాకా. బ్యాచ్ ఎప్పుడన్నది కలెక్టరేట్‌లో విపత్తు విభాగంలో కనుక్కోండి. కాలేజీలో ఉంటే ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లకి యువ ఆపద మిత్ర ఉంది. సివిల్ డిఫెన్స్ కూడా చూడండి, 2025 మేలో దేశమంతా మాక్ డ్రిల్ చేసినప్పుడు వైజాగ్‌లో కూడా చేశారు. వాలంటీర్ల నమోదు మై భారత్ పోర్టల్‌లో పెట్టారు. రెడ్‌క్రాస్ ఎలాగూ ఉంది.

జనాన్ని కంట్రోల్ చేయడం నేర్చుకోవాలంటే సింహాచలం గిరి ప్రదక్షిణ కన్నా మంచి బడి లేదు. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. ఒక మెడికల్ క్యాంపులో గానీ మంచినీళ్ల దగ్గర గానీ రాత్రంతా డ్యూటీ చేయండి, గంటకి ఎంతమంది వచ్చారు, ఏ టైముకి ఎక్కువ కళ్లు తిరిగి పడిపోయారు రాయండి. తప్పిపోయిన పిల్లల నమోదు బల్ల దగ్గర ఒక్క రాత్రి కూర్చుంటే చాలు.

కోర్సులు, ఇక్కడ డబ్బు జాగ్రత్త

ఉచితంగా ఉన్నవి ముందు. జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ ఎన్‌ఐడీఎం ఆన్‌లైన్ కోర్సులు. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమావి ఐఎస్-100, ఐఎస్-200, ఐఎస్-700. ఇంగ్లీషులో ఉంటాయి, మెల్లగా చదవండి, రెండు మూడు వారాలు చాలు. కయా అనే ప్లాట్‌ఫాంలో సహాయ సంస్థల కోర్సులు ఉన్నాయి.

డబ్బు కట్టేవాటిలో ఇగ్నో బాగుంటుంది, వైజాగ్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంటర్ అయినవాళ్లకి ఆరు నెలల విపత్తు నిర్వహణ సర్టిఫికెట్, డిగ్రీ అయినవాళ్లకి ఏడాది పీజీ డిప్లొమా. ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. పూర్తిగా చదువుగానే తీసుకోవాలంటే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో ఎంఏ ఉంది, సీటు తేలిక కాదు. అగ్నిమాపక రంగంలో పైకి వెళ్లాలంటే నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల పేరుకి ఉన్న బరువు వేరే దేనికీ లేదు.

ప్రైవేటు ఫైర్ అండ్ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్‌ల గురించి. నేను 2016లో ఒకచోట నలభై వేలు కట్టాను, మా నాన్న చీటీ పాడి తెచ్చిన డబ్బు. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఒక ప్లాంటు గేటు దగ్గర చూపిస్తే దీనికి రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి గుర్తింపు లేదు, పనికిరాదన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్లి నాన్నకి చెప్పడానికి రెండు గంటలు బస్టాండులో కూర్చున్నాను. కాబట్టి కట్టే ముందు మూడు అడగండి: ఈ డిప్లొమా ఇచ్చేది ఎవరు, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఇన్‌స్టిట్యూట్ పేరు ఉందా, పోయిన ఏడాది చదివిన ఇద్దరితో మాట్లాడొచ్చా. మూడో ప్రశ్నకి తడబడితే లేచి వచ్చేయండి. నెబోష్ లాంటి విదేశీ సేఫ్టీ సర్టిఫికెట్లు గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తాయి, ఖరీదు ఎక్కువ, ఒకటి రెండేళ్లు పని చేశాక ఆలోచించండి.

మొదటి ఉద్యోగాలు నిజంగా ఎక్కడ ఉన్నాయి

ఇంటర్ చదివి ఒంట్లో సత్తువ ఉంటే అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్. పోలీసు నియామక మండలి నోటిఫికేషన్ ద్వారా తీస్తారు, ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి పరుగు, వ్యాయామం రోజూ ఉండాలి.

లైఫ్ సైన్సెస్ డిగ్రీ గానీ నర్సింగ్ గానీ ఉంటే 108లో ఈఎంటీ, అంటే అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్. జీతం గొప్పగా ఉండదు, నిద్ర ఉండదు, కానీ రెండేళ్లు చేసినవాడికి వచ్చే నిబ్బరం వేరు.

వైజాగ్‌కి ప్రత్యేకమైన దారి ఒకటి ఉంది, షట్‌డౌన్ పనులు. రిఫైనరీ, స్టీల్‌ప్లాంట్, పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్లో మెయింటెనెన్స్ కోసం యూనిట్లు ఆపినప్పుడు కాంట్రాక్టర్లు ఫైర్ వాచ్, హోల్ వాచ్, సేఫ్టీ స్టివార్డ్ అని నెలా రెండు నెలలకి మనుషుల్ని తీసుకుంటారు. వెల్డింగ్ జరుగుతుంటే నిప్పురవ్వల దగ్గర సిలిండరుతో నిలబడటం, ట్యాంకులోకి దిగినవాళ్ల పేర్లు, దిగిన టైము, పైకొచ్చిన టైము రాయడం. చూడ్డానికి ఏమీ కాని పని. కానీ పర్మిట్ ఎలా ఇస్తారో, గ్యాస్ టెస్ట్ ఎలా చేస్తారో, పొద్దున్నే పని మొదలయ్యే ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో ఏం చెబుతారో అక్కడే నేర్చుకున్నాను. ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం ఇలాంటి కంపెనీలు ఆరు నెలలకోసారి ప్లాంటు లోపల మాక్ డ్రిల్ చేయాలి, ఆ డ్రిల్‌లో పరిశీలకుడిగా నిలబడి లాగ్ రాస్తానని మీరే అడగండి. ఎవరూ అడగరు కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇంకా కంట్రోల్ రూముల్లో అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్లు, ఎన్జీవోల్లో ఫీల్డ్ అసిస్టెంట్లు. ఎన్జీవో పని ఎక్కువగా ఆరు నెలల కాంట్రాక్టే, అది తెలిసి చేరండి. సహాయ సంస్థల ఉద్యోగాలు పెట్టే రిలీఫ్‌వెబ్ సైట్‌లో భారతదేశం పెట్టి వెతికితే దొరుకుతాయి. తెలుగు, ఒడియా రెండూ వస్తే, లేదా ఏజెన్సీ భాషల్లో ఒకటి వస్తే, దరఖాస్తులో మొదటి లైన్లోనే రాయండి.

ఇంట్లోవాళ్లతో కూడా ముందే మాట్లాడుకోండి, ముఖ్యంగా అమ్మాయిలు. తుపాను నాడు అందరూ ఇంట్లో ఉంటే మీరు డ్యూటీలో ఉంటారు. మీ ఇంటికి మీరు లేని రోజు ఏం చేయాలో ఒక కాగితం రాసి బీరువా తలుపుకి అంటించి వెళ్లండి. చూసినవి నిద్ర పట్టనివ్వకపోతే దాచుకోవద్దు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంటర్వ్యూకి

సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి. స్కూలు లెక్క, వీధి లిస్టులో పేర్లు కనిపించకుండా కొట్టేసిన ఒక పేజీ, గిరి ప్రదక్షిణ లాగ్, ఇరవై రిపోర్టుల్లో మంచివి రెండు. "తుపాను రేపు రాత్రికి తీరం దాటుతుంది, మీరు కంట్రోల్ రూములో ఒక్కరే ఉన్నారు, ఏం చేస్తారు?" అని దాదాపు అందరూ అడుగుతారు. బోటు ఎక్కుతాను అనకండి. బులెటిన్ టైము చూసి లాగ్ తెరుస్తాను, ఫోన్లు పనిచేస్తున్నాయో లేదో ప్రతి మండలానికీ కొట్టి చూస్తాను, ఫోన్ పోతే వైర్‌లెస్‌లో ఎవరు దొరుకుతారో రాసుకుంటాను, పునరావాస కేంద్రాల్లో తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటాను, అని చెప్పండి. తాళం సంగతి నేను ఊహించి చెప్పడం లేదు. అర్ధరాత్రి వానలో రెండు వందల మందితో స్కూలు గేటు ముందు నిలబడి, వాచ్‌మన్ ఇల్లు ఎక్కడో తెలియక వెతికిన రాత్రి ఒకటి నాకుంది.

తుపాన్లు ఎక్కువ వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు. కంట్రోల్ రూములకీ, సహాయ సంస్థలకీ మనుషులు కావాల్సి వచ్చేది అంతకు ముందే. కాబట్టి ప్రథమ చికిత్స, వీధి లిస్టు, స్కూలు లెక్క జూలై లోపు అయిపోవాలి, ఆగస్టులో దరఖాస్తులు వెళ్లిపోవాలి. స్కూలు గది కొలవడానికి టేపు లేకపోతే అడుగులతో కొలవండి, ఈ ఆదివారమే హెడ్‌మాస్టరు గారిని అడగండి.